యాక్టివేటెడ్ చార్‌కోల్ ఒంట్లో వాపును తగ్గిస్తుందా? లెఫ్లునమైడ్ తీసేయడానికి 50 గ్రాములు ఎలా తాగించాలి?

ఊరి క్లినిక్ (ప్రశ్న):

అందరికీ నమస్కారం. రెండు విషయాలు అడగాలి, రెండూ చార్‌కోల్ గురించే.

ఒకటి. సీఆర్‌పీ, ఈఎస్‌ఆర్ (ఒంట్లో వాపును చూపే రక్తపరీక్షలు) బాగా పెరిగినవాళ్లు రోజూ ఒక చెంచా యాక్టివేటెడ్ చార్‌కోల్ నీళ్లలో కలుపుకుని తాగితే ఒంట్లోని విషాలన్నీ లాగేసి వాపూ మంటా తగ్గిస్తుందని ఒక సందేశం ఫోన్లలో తిరుగుతోంది. కీళ్లవాతం, పేగుపూత, క్లోమం వాపు, కిడ్నీ జబ్బు, చీముపట్టిన పుండు, అన్నిటికీ ఇదే మందట. ఇందులో వైద్యశాస్త్రం ఒప్పుకున్నది ఏమైనా ఉందా? జనం అడుగుతుంటే ఊరికే "వద్దు" అంటే వినడం లేదు, కారణం చెప్పాలి.

రెండు. రుమటాయిడ్ ఆర్థరైటిస్‌కు లెఫ్లునమైడ్ 20 మి.గ్రా. వాడుతున్న ఒకావిడకు లివర్ ఎంజైములు మూడు రెట్లు దాటాయి. బిడ్డ కోసం కూడా చూస్తున్నారు, ఈ మందు ఒంట్లో ఉంటే కడుపులోని బిడ్డకు హాని. పెద్దాసుపత్రిలో ఆ మాత్ర ఆపేసి, చార్‌కోల్ పొడి 50 గ్రాములు 12 గంటలకోసారి 11 రోజులు రాశారు. మందుల షాపులో గ్యాస్ మాత్రలు చూపించి ఇవే చార్‌కోల్ అంటున్నారు. ఆవిడ ప్రెడ్నిసొలోన్ (స్టెరాయిడ్) 5 మి.గ్రా., హైడ్రాక్సీక్లోరోక్విన్, థైరాయిడ్ మాత్ర కూడా వేసుకుంటున్నారు. పొడి ఎలా కలపాలి, మిగతా మందులు ఎప్పుడివ్వాలి, ఏం కనిపిస్తే ఆపాలి?

ఫార్మకాలజీ పాఠాలు:

మొదటి ప్రశ్నకు నేను చెబుతాను. రెండోది కీళ్ల డాక్టర్లకు వదిలేస్తున్నాను.

చార్‌కోల్ ఎక్కడిదాకా వెళ్తుందో చూస్తే సగం జవాబు దొరుకుతుంది. కొబ్బరి చిప్పల్లాంటి వాటిని బొగ్గు చేసి, 800 నుంచి 1000 డిగ్రీల వేడిలో ఆవిరి పంపితే లోపల లెక్కలేనన్ని సన్నటి రంధ్రాలు పడతాయి. వాటివల్లే ఒక గ్రాము పొడికి దాదాపు వెయ్యి చదరపు మీటర్ల ఉపరితలం వస్తుంది. పొయ్యిలో బొగ్గుకు ఆ రంధ్రాలు లేవు, మాడిన రొట్టెకు అసలే లేవు. అయితే ఇంత ఉపరితలమున్న పొడి కూడా పేగు గోడ దాటి రక్తంలోకి ఒక్క రవ్వ పోదు. నోట్లో వేసుకున్నదంతా మలంలో నల్లగా బయటికొస్తుంది. కీళ్ల పొరలో జరిగే వాపు దగ్గరికి గానీ, క్లోమం దగ్గరికి గానీ అది చేరే దారే లేదు.

రెండో అడ్డంకి సైజు. ఆ రంధ్రాల్లో ఎక్కువభాగం 2 నానోమీటర్ల లోపువే. మామూలు మందులు, మొక్కల విషాలు వందల డాల్టన్ల (అణువులను తూచే కొలత) బరువుండే చిన్న అణువులు కాబట్టి లోపలికి దూరి అతుక్కుంటాయి. వాపును నడిపించే ప్రొటీన్లలో ఐఎల్-6 బరువు ఇరవై వేల డాల్టన్ల పైన. టీఎన్ఎఫ్ మూడేసి కలిసి తిరుగుతుంది కాబట్టి యాభై వేలు. సీఆర్‌పీ అయితే లక్ష దాటుతుంది. అంటే ఇవి చార్‌కోల్‌కు ఎదురుపడినా లోపల పట్టవు. పైగా సీఆర్‌పీ తయారయ్యేది లివర్లో, అదీ లోపల జరుగుతున్న గొడవకు గుర్తుగా. దాన్నే లాగేసినా గొడవ ఆగదు.

కాబట్టి నోటి ద్వారా ఇచ్చే చార్‌కోల్ చేయగలిగినవి మూడే. పేగులో ఉన్న విషం రక్తంలోకి పోకుండా పట్టుకోవడం. రక్తంలోంచి పిత్తం ద్వారానో పేగు గోడ ద్వారానో మళ్లీ పేగులోకి దిగే మందును దారిలో పట్టుకోవడం. పేగులోని బాక్టీరియా తయారుచేసే చిన్న అణువులను పట్టుకోవడం. మీ రెండో ప్రశ్న ఈ మధ్యదాని కిందికి వస్తుంది, అది నిఖార్సైన వైద్యం. ఫోన్లో తిరిగే సందేశం ఈ మూడింటిలో దేని కిందికీ రాదు.

జనానికి చెప్పాల్సింది ఇంకొకటుంది. చార్‌కోల్‌కు మంచి మందూ చెడ్డ విషమూ తేడా తెలియదు. కీళ్లవాతానికి వేసుకున్న మాత్ర మీద ఈ పొడి తాగితే ఆ మాత్ర పేగులోనే పొడికి అతుక్కుపోతుంది. వాపు తగ్గాలని తాగిన దానివల్లే వాపు పెరుగుతుంది. "వద్దు" అంటే విననివాళ్లు ఈ మాటకు వింటారు.

ఎమర్జెన్సీ గది:

క్లోమం వాపు అన్నారు కాబట్టి అడ్డుపడుతున్నాను. తీవ్రమైన పాంక్రియాటైటిస్‌లో పేగుల కదలిక మందగిస్తుంది, వాంతులు ఆగవు. అప్పుడు చార్‌కోల్ పోస్తే కిందికి పోదు, కడుపులో నిలబడి వాంతితో ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అపెండిక్స్ పగిలిందేమో, పేగు చిల్లు పడిందేమో అన్న అనుమానమున్న ఏ కడుపునొప్పికీ ఇవ్వకూడదు. చిల్లులోంచి పొడి పొట్టలోకి జారితే సర్జన్ కడిగినా పూర్తిగా పోదు.

మా దగ్గర చార్‌కోల్ వాడేది విషాలకు. పెద్దవాళ్లకు 50 గ్రాములు, పిల్లలకు కిలో బరువుకు 1 గ్రాము, వీలైతే మింగిన గంట లోపల. ఎంత మింగారో తెలిస్తే దానికి పదిరెట్లు అన్నది లెక్క. మీరు అడిగిన వాపుతో దీనికి ఒక నిజమైన సంబంధముంది. కొన్ని విషాలు ఒంట్లోకి చేరాక ఘోరమైన వాపునే పుట్టిస్తాయి. మన దగ్గర అన్నిటికంటే భయపెట్టేది గడ్డిమందు పారాక్వాట్. రక్తంలోకి చేరితే ఊపిరితిత్తుల్లో పోగవుతుంది, వాపు వచ్చి, తర్వాత అవి గట్టిపడిపోతాయి. విరుగుడు లేదు. అందుకే పేగులో ఉండగానే పట్టుకోవడానికి మొదటి ఆసుపత్రిలోనే చార్‌కోల్ ఇవ్వాలి, పెద్దాసుపత్రికి వెళ్లాక ఇద్దామని వదిలేయకూడదు. ఆక్సిజన్ మాత్రం శాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) బాగా పడిపోతే తప్ప పెట్టకూడదు, ఆ విషం ఆక్సిజన్‌తో కలిసే కణాలను కాలుస్తుంది.

అడవినాభి దుంప మింగినవాళ్లకూ ఇస్తాం. అందులో ఉండేది కొల్చిసిన్, గౌట్ వాపుకు మందుగా వాడే పదార్థమే. అది పిత్తంతో మళ్లీ పేగులోకి దిగుతుంది కాబట్టి ఒకటికంటే ఎక్కువ డోసులకు అర్థముంది. పచ్చగన్నేరు గింజల సంగతి తేలలేదు. శ్రీలంకలో 2003లో వచ్చిన ట్రయల్‌లో పదేపదే చార్‌కోల్ ఇచ్చినవాళ్లలో మరణాలు 8 శాతం నుంచి 2.5 శాతానికి తగ్గాయి. అదే దేశంలో 2008లో 4,600 మందికి పైగా పాల్గొన్న పెద్ద ట్రయల్‌లో తేడా కనిపించలేదు. గింజలు మింగి తొందరగా వచ్చినవాళ్లకు ఒక డోసు ఇస్తూనే ఉన్నాం.

యాసిడ్, బాత్రూం క్లీనర్, కిరోసిన్, ఐరన్ మాత్రలు, లిథియం, సారా: వీటికి ఇవ్వకండి. ఐరన్, లిథియం, ఆల్కహాల్ పొడికి పట్టవు. యాసిడ్‌లో ఎండోస్కోపీ చేసేవాళ్లకు లోపలంతా నల్లగా ఉండి పుండు కనిపించదు. కిరోసిన్ వాంతైతే ఊపిరితిత్తులు పోతాయి. మత్తుగా ఉన్న మనిషి నోట్లో మాత్రం ఏ విషానికైనా పోయకండి, శ్వాసనాళంలో గొట్టం వేశాకే. మీ క్లినిక్‌కు ఇలాంటివాళ్లు వస్తే ముందు 108, తర్వాతే మిగతావి.

కీళ్ల వైద్యం:

ఇక మీ అసలు ప్రశ్న. రాసినవాళ్లు సరిగానే రాశారు.

లెఫ్లునమైడ్ పేగు నుంచి లోపలికి పోగానే టెరిఫ్లునమైడ్‌గా మారుతుంది. కీళ్ల మీద పనిచేసేది అదే. అది లివర్ నుంచి పిత్తంలోకి, పిత్తం నుంచి పేగులోకి, అక్కడినుంచి తిరిగి రక్తంలోకి ఇలా చక్రం తిరుగుతూనే ఉంటుంది. అందుకే మాత్ర ఆపినా సగం తగ్గడానికే రెండు మూడు వారాలు పడుతుంది, కొందరిలో రెండేళ్ల దాకా రక్తంలో కనిపిస్తుంది. చార్‌కోల్ పేగులో కాపుకాసి, దిగిన ప్రతిసారీ కొంత పట్టుకుని బయటికి తీసుకుపోతుంది. 6 గంటలకోసారి 50 గ్రాములు ఒక్క రోజు ఇచ్చి చూస్తే 48 గంటల్లో రక్తంలో మందు దాదాపు సగమైంది. 11 రోజుల పద్ధతి అంత దూకుడుగా ఉండదు కానీ అడుగుదాకా ఊడుస్తుంది.

కొలెస్టిరమైన్ (ఇదీ పేగులోనే మందును పట్టుకునే పొడి) సాచెట్లు దొరికితే అవి మేలు: 8 గ్రాములు రోజుకు మూడుసార్లు, 11 రోజులు. చార్‌కోల్ కంటే తాగడం తేలిక. రాసిన డాక్టర్‌ని అడిగి మార్పించుకోవచ్చు. లివర్ ఎంజైములు పెరిగి ఆపారు కాబట్టి ఈవిడ విషయంలో 11 రోజులూ వరసగా అయిపోవాలి. తొందర లేనివాళ్లకు మధ్యలో రోజులు తప్పినా మొత్తం 11 అయితే చాలు.

ఆ గ్యాస్ మాత్రలు పనికిరావు. కొన్నిటిలో ఉండేది 75 మి.గ్రా. చార్‌కోల్, మిగతాది అరుగుదల ఎంజైములు. 50 గ్రాములు కావాలంటే ఒక్క డోసుకు 660కి పైగా మాత్రలు మింగాలి. 250 మి.గ్రా. క్యాప్సూళ్లయినా 200. పొడే కావాలి. మొత్తం 22 డోసులు, అంటే 1.1 కిలోలు. డబ్బా మీద ఐ.పి., బి.పి., యు.ఎస్.పి. (మందుల నాణ్యతకు భారత, బ్రిటిష్, అమెరికా ప్రమాణాల గుర్తులు) వీటిలో ఏదో ఒకటి రాసి ఉండాలి. నీళ్ల ఫిల్టర్లోది, చేపల తొట్టిలోది, మొహానికి పూసుకునేది కొనకండి. వాటిలో బూడిద, లోహాలు ఎంతున్నాయో ఎవరూ పరీక్షించరు, రవ్వ కూడా లావుగా ఉంటుంది.

మందుల వేళలు ఇలా పెట్టండి. చార్‌కోల్ ఉదయం 10కి, రాత్రి 10కి. థైరాయిడ్ మాత్ర తెల్లవారుజామున 5:30కి పరగడుపున. ప్రెడ్నిసొలోన్ 7:30కి టిఫిన్‌తో. హైడ్రాక్సీక్లోరోక్విన్ మధ్యాహ్నం 2కి భోజనంతో, రాత్రి భోజనం 7:30కి. ఏ మందుకైనా చార్‌కోల్‌కూ మధ్య కనీసం 2 గంటలుండాలి, చార్‌కోల్ తాగాక మందు వేసుకోవాలంటే 4 గంటలు ఆగితే ఇంకా నయం. ప్రెడ్నిసొలోన్ ఒక్క పూట కూడా వృథా కాకూడదు. నెలల తరబడి వేసుకుంటున్నవాళ్లకు అది అకస్మాత్తుగా అందకపోతే బీపీ పడిపోతుంది, నీరసం కమ్ముకుంటుంది. హైడ్రాక్సీక్లోరోక్విన్ ఒంట్లో వారాలు నిలుస్తుంది కాబట్టి అది కాస్త తగ్గినా ఫర్వాలేదు.

గర్భనిరోధక మాత్రలు వాడుతుంటే వాటిని నమ్మొద్దని ఆవిడకూ భర్తకూ ఇద్దరికీ కూర్చోబెట్టి చెప్పండి. చార్‌కోల్ వాటినీ పట్టుకుంటుంది. కండోమ్ తప్పనిసరి. 11 రోజులు అయిపోగానే గర్భానికి సిద్ధమని కాదు. రక్తంలో టెరిఫ్లునమైడ్ 0.02 మి.గ్రా./లీ. కంటే తక్కువని 14 రోజుల తేడాతో రెండుసార్లు తేలాలి. ఎక్కువుంటే మళ్లీ ఇంకో విడత ఇవ్వాలి. ఈ పరీక్ష అన్ని ల్యాబుల్లోనూ చేయరు, మొదలుపెట్టకముందే శాంపిల్ ఎక్కడికి పంపుతారో రాసిన ఆసుపత్రిలో అడిగి పెట్టుకోండి.

ఇంకొకటి ముందే చెప్పి ఉంచండి: చార్‌కోల్ వల్ల ఆవిడ కీళ్ల నొప్పులు తగ్గవు, పెరగొచ్చు. వాపును ఆపుతున్న మందునే మనం తీసేస్తున్నాం. రెండు మూడు వారాల్లో పొద్దున లేవగానే వేళ్లు బిగుసుకోవడం మళ్లీ మొదలైతే భయపడి చార్‌కోల్ ఆపకుండా డాక్టర్ దగ్గరికి రావాలి. గర్భంలో వాడగలిగే సల్ఫాసలజైన్ లాంటి మందు చూస్తారు.

ఐసీయూ నర్సు:

కలిపే పద్ధతి నేను చెబుతాను, చాలామంది తప్పు చేసేది అక్కడే.

పొడి మీద నీళ్లు ఒకేసారి పోస్తే పైన తేలిపోతుంది, ఉండలు కడుతుంది. వెడల్పు మూతి ఉన్న లీటరు సీసాలో ముందు 100 మి.లీ. నీళ్లు పోసి, 50 గ్రాముల పొడి వేసి, మూత బిగించి ఒక నిమిషం గట్టిగా ఊపండి. చిక్కటి ముద్దలా అవుతుంది. అప్పుడు ఇంకో 300 మి.లీ. పోసి మళ్లీ ఊపండి. 400 మి.లీ. అన్నది తాగగలిగినంత పల్చన. పొడిని చెంచాలతో కొలవకండి, తేలికగా ఉంటుంది కాబట్టి లెక్క తప్పుతుంది. వంటింటి డిజిటల్ త్రాసు మీద తూచి 22 పొట్లాలు కట్టేయండి. పొట్లాలు మూత గట్టిగా ఉన్న డబ్బాలో ఉండాలి. ఫినాయిల్, అగరొత్తుల పక్కన తెరిచిపెడితే ఆ ఆవిర్లను పట్టి బలం తగ్గుతుంది.

మూతున్న గ్లాసు, స్ట్రా, కొద్దిగా చల్లబరిచిన నీళ్లు ఉంటే తాగడం సులువు. రుచేం ఉండదు, ఇబ్బందంతా పంటికి తగిలే రవ్వ, కంటికి కనిపించే నలుపు. 20 నుంచి 30 నిమిషాల్లో గుక్క గుక్కగా తాగించండి, అడుగున పేరుకున్నదాన్ని కొంచెం నీళ్లతో కడిగి అదీ తాగించాలి. పాలు, ఐస్‌క్రీం కలపొద్దు. తాగేటప్పుడూ ఆ తర్వాత గంటసేపూ నిటారుగా కూర్చోవాలి. రాత్రి డోసు తాగి వెంటనే పడుకోకూడదు.

సార్బిటాల్ (విరేచనం చేయించే పదార్థం) కలిపిన రెడీమేడ్ చార్‌కోల్ ఎవరైనా ఇస్తే తీసుకోవద్దు. ఒక్కసారికైతే విరేచనం అయి ఊరుకుంటుంది. 22 సార్లంటే ఒంట్లో నీరూ పొటాషియం పోతాయి. ఉత్త పొడితో ఇబ్బంది దీనికి తలకిందులు: మలబద్ధకం. రోజుకు రెండు, రెండున్నర లీటర్ల నీళ్లు తాగించి, లాక్టులోజ్ (మలబద్ధకానికి మందు) ముందే తెప్పించి పెట్టుకోండి. మలం నల్లగా రావాలి, అది భయపడాల్సింది కాదు. ప్రతి డోసుకు ముందు మూడు అడగండి: నిన్నటినుంచి విరేచనం అయిందా, గ్యాస్ పోతోందా, పొట్ట ఉబ్బి బిగుసుకుందా. రెండు రోజులు విరేచనం లేక పొట్ట ఉబ్బితే తర్వాతి డోసు ఇవ్వకుండా ఫోన్ చేయండి, లోపల గడ్డకట్టి పేగు అడ్డుపడుతుంది. తారులా జిగటగా, దుర్వాసనతో వచ్చే మలం వేరు, ఆవిడ స్టెరాయిడ్ మీద ఉన్నారు కాబట్టి అది కడుపులో రక్తస్రావం కావచ్చు.

ఊరి క్లినిక్:

చాలా ఉపయోగపడింది, ధన్యవాదాలు. సాచెట్ల గురించి రేపు ఆసుపత్రికి ఫోన్ చేస్తాను. ఒక్కటి మిగిలింది. ఉద్దానం వైపు బంధువులున్నవాళ్లు కిడ్నీకి చార్‌కోల్ విదేశాల్లో డాక్టర్లే ఇస్తారని గట్టిగా వాదిస్తున్నారు. ఐసీయూలో రక్తాన్ని బొగ్గు గుండా పంపి వాపు తీస్తారని కూడా అంటున్నారు. అవి నిజమేనా?

డయాలిసిస్ విభాగం:

రెండింటిలోనూ కొంత నిజముంది.

జపాన్‌లో 1991 నుంచి కిడ్నీ జబ్బుకు ఏఎస్‌టీ-120 అనే గుండ్రటి కార్బన్ పూసలు వాడుతున్నారు, రోజుకు 6 గ్రాములు. పేగు బాక్టీరియా తయారుచేసే ఇండోల్‌ను పట్టుకుంటే, లివర్లో దాన్నుంచి పుట్టే ఇండాక్సిల్ సల్ఫేట్ తగ్గుతుంది. ఆ పదార్థం కిడ్నీలో వాపునూ మచ్చకట్టడాన్నీ పెంచుతుంది కాబట్టి ఆలోచన చక్కనిదే. కానీ రోజుకు 9 గ్రాములు ఇచ్చి 2,000 మందికి పైగా రోగుల్లో చేసిన రెండు పెద్ద ట్రయళ్ల ఫలితాలు 2015లో వచ్చాయి: డయాలిసిస్ దాకా వెళ్లడాన్ని అది ఆపలేకపోయింది. క్రోన్స్ అనే పేగు వాపు జబ్బులో ఫిస్టులాలకు (పేగు నుంచి పక్కకు పడే దారులకు) కూడా ముందు జపాన్‌లో చిన్న ట్రయల్ ఆశ పుట్టించింది, తర్వాతి పెద్దది నిలబడలేదు. ఉద్దానం వాళ్లకు చెప్పండి, షాపులో దొరికే పొడి ఆ పూసలు కూడా కాదు. బీపీ మాత్రలు దానికి అతుక్కుపోతే కిడ్నీ ఇంకా తొందరగా పోతుంది.

రక్తం సంగతి. 1964లో గ్రీస్‌లో యాట్‌జిడిస్ రోగుల రక్తాన్ని చార్‌కోల్ గుండా పంపారు. విషపదార్థాలు తగ్గాయి కానీ ప్లేట్‌లెట్లు పడిపోయాయి, బొగ్గు రవ్వలు రక్తంలోకి జారాయి. తర్వాత కెనడాలో థామస్ చాంగ్ ఒక్కో రవ్వ మీదా పల్చటి పొర కట్టాక సురక్షితమైంది. దీన్నే హీమోపెర్ఫ్యూజన్ అంటారు, థియోఫిలిన్ లాంటి మందుల విషానికి వాడేవాళ్లం. లివర్ చెడినవాళ్లలో లండన్‌లో పద్ధతిగా పరీక్షిస్తే ప్రాణాలేమీ ఎక్కువ దక్కలేదు.

ఇప్పుడు సెప్సిస్‌లో (ఇన్ఫెక్షన్ ఒళ్లంతా పాకి అవయవాలు దెబ్బతినే స్థితిలో) సైటోకైన్లు, అంటే ఐఎల్-6 లాంటి వాపు ప్రొటీన్లు తీస్తామని పెట్టే కాలమ్‌లలో సైటోసార్బ్‌లాంటివి బొగ్గువి కావు, పాలిమర్ పూసలవి. రంధ్రాలు పెద్దవి కాబట్టి ఐఎల్-6 సైజు అణువులు పడతాయి. పడితే మేలు జరుగుతుందా అన్నది వేరే ప్రశ్న. జర్మనీలో ఎక్మో (ఊపిరితిత్తుల పని చేసిపెట్టే యంత్రం) మీదున్న 34 మంది కోవిడ్ రోగుల్లో చూస్తే, సైటోసార్బ్ పెట్టినవాళ్లలో 30 రోజులకు బతికింది 18 శాతం, పెట్టనివాళ్లలో 76 శాతం. చిన్న ట్రయలే, అయినా నేను పట్టించుకుంటాను. ఆ పూసలు యాంటీబయాటిక్స్‌ను కూడా లాగేస్తాయి. పెట్టాల్సి వస్తే వాంకోమైసిన్ లాంటివాటి లెవెల్ చూసి మళ్లీ డోసు ఇవ్వాలి.

గాయాల డ్రెస్సింగ్:

పుండ్ల గురించి ఎవరూ రాయలేదు. బొగ్గు పొడి ముద్ద చేసి చీముపట్టిన కాలికో, పాము కరిచిన చోటో కడితే చర్మం లోపలి నుంచి ఏమీ రాదు. తెరిచిన పుండులో పొడి దిగితే పచ్చబొట్టులా నల్లగా ఉండిపోతుంది. డాక్టర్ చూసేటప్పటికి ఎరుపు ఎంతదూరం పాకిందో కూడా కనిపించదు. పెన్నుతో ఎరుపు అంచు గీసి టైం రాసి పంపండి, అది చాలా పనికొస్తుంది.

చార్‌కోల్ గుడ్డతో చేసిన డ్రెస్సింగ్‌లు ఉన్నాయి, అవి వాసనకు. క్యాన్సర్ పుండ్ల దుర్వాసనతో ఇంట్లోవాళ్లే దగ్గరికి రాలేని స్థితిలో రోగికి అవి నిజంగా మేలు చేస్తాయి. తడిసి ముద్దయితే వాసన పట్టడం బాగా తగ్గుతుంది, కాబట్టి స్రావం ఎక్కువుంటే కింద పీల్చుకునే పొర వేసి, చార్‌కోల్ గుడ్డ పైన పెట్టి, నాలుగు అంచులూ టేపుతో మూసేయాలి. వెండి కలిపిన చార్‌కోల్ రకాన్ని కత్తిరించకండి, అంచులోంచి రవ్వలు పుండులోకి రాలతాయి. సరిపడే సైజే తెప్పించుకోండి.